నీళ్ళకు మైల అంటించిందెవరు?

కురుపాం గిరిజన బాలికల గురుకులంలో 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పచ్చకామెర్లు పాకాయి. ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. వందమందికి పైగా పిల్లలు జబ్బుపడి, పార్వతీపురం ఆసుపత్రి నుంచి విశాఖ కేజీహెచ్ దాకా మంచం పట్టారు. సోకింది హెపటైటిస్-ఏ అని వైద్యాధికారులే చెప్పారు. ఈ వైరస్ దోమ కుట్టితే రాదు, గాలికి రాదు. రోగి మలంలోంచి బయటపడి, నీళ్ళలోనో కూటిలోనో కలిసి, ఇంకొకరి నోట్లోకి పోతే వస్తుంది. మాట కటువుగా ఉన్నా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. నాలుగక్షరాలు నేర్చుకుందామని తల్లినీ తండ్రినీ విడిచి హాస్టలుకొచ్చిన కొండబిడ్డల నోట్లోకి మలం పోయింది.

కురుపాం మన్యం జిల్లాలోది, మనది అల్లూరి జిల్లా, మనకేంటిలే అని ఊరుకోవడానికి లేదు. పాడేరు ఐటిడిఎ కింద పదకొండు మండలాలున్నాయి. అనంతగిరి నుంచి కొయ్యూరు దాకా ఏ గూడేనికెళ్ళినా గెడ్డ నీళ్ళో, ఊట నీళ్ళో, బోరు నీళ్ళో తాగుతున్నాం. ఆశ్రమ పాఠశాలలో వందలమంది పిల్లలు ఒకే ట్యాంకు నీళ్ళు తాగుతారు, ఒకే వరసలో కట్టిన మరుగుదొడ్లకు పోతారు. అక్కడ జరిగింది ఇక్కడ జరగదని పూచీ ఎవరిస్తారు? అందుకే ఈ మాట ఎత్తుకున్నాం.

ఈ దేశంలో నీళ్ళకు కాపలా కొత్తేమీ కాదు. వేల ఏళ్ళుగా బావికీ చెరువుకీ కాపలా ఉంది. అది మన చెయ్యి తగలకుండా పెట్టిన కాపలా. నీళ్ళలో మలం కలవకుండా కాపలా కాయాలని మాత్రం ఏ ప్రభుత్వమూ పూర్తిగా పూనుకోలేదు.

మహద్ సంగతి మన పిల్లలకు మళ్ళీ మళ్ళీ చెప్పాలి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలాదిమందిని వెంటబెట్టుకుని చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. పశువులు తాగొచ్చుగానీ అంటరానివాళ్ళు తాగకూడని చెరువది. ఆ తర్వాత సవర్ణులు ఏం చేశారు? చెరువు మైలపడిందని 108 కుండలతో పేడా, ఆవు పంచితం, పాలూ, పెరుగూ కలిపి అందులో పోసి శుద్ధి చేశామన్నారు. మనిషి దోసిలి తగిలితే మైలట, పేడ కలిస్తే శుద్ధట! ఆ చెరువు మీద హక్కు మనదేనని బొంబాయి హైకోర్టు తేల్చేసరికి 1937 వచ్చింది.

కారంచేడూ నీళ్ళ దగ్గరే మొదలైంది. 1985 జూలై 16న మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు గట్టున అగ్రకులపు కుర్రాళ్ళు గేదెల దగ్గరి మురికి బకెట్లు కడుగుతుంటే, తాగే నీళ్ళు పాడుచేయొద్దని మనవాళ్ళు అడ్డం పోయారు. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురు మాదిగలను నరికి చంపారు. మన రాష్ట్రంలో దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన ఆ ఘటనకు మొదటి మాట ఏమిటి? "మా తాగునీళ్ళు పాడుచేయొద్దు." అంతే. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్‌లో 2022 డిసెంబరులో దళితవాడ ఓవర్‌హెడ్ ట్యాంకులో మనిషి మలం కనిపించింది. పిల్లలు వరసగా జబ్బుపడుతుంటే ట్యాంకెక్కి చూస్తే బయటపడిన సంగతది.

కాబట్టి నీళ్ళ శుభ్రత మనకు డాక్టర్లకు వదిలేసే విషయం కాదు. మన ఆత్మగౌరవ పోరాటం మొదలైన చోటే అది ఉంది. మనల్ని దూరం పెట్టడానికి వాళ్ళు చెప్పిన మైల కంటికి కనిపించని అబద్ధం. మన పిల్లల్ని చంపుతున్న వైరస్ కంటికి కనిపించని నిజం. అబద్ధానికి వేల ఏళ్ళు కాపలా కాసిన సమాజాన్ని, ఇప్పుడు నిజానికి కాపలా కాయమని అడుగుతున్నాం.

ఇక ఆ నిజమేమిటో తెలుసుకుందాం. బళ్ళో పాఠం చెప్పేటప్పుడు మంచినీళ్ళకు రంగు, రుచి, వాసన ఉండవని పిల్లల చేత వల్లె వేయిస్తాం. వైరస్ కలిసిన నీళ్ళకూ అవేవీ ఉండవు. హెపటైటిస్-ఏ వైరస్‌లను ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో ముప్ఫై వేలకు పైగా పడతాయి. చీరకొంగు వడపోతకు అవి ఆగవు. ఇంట్లో పెట్టుకునే క్యాండిల్ ఫిల్టరుకీ నమ్మకంగా ఆగవు. బండల మీంచి గలగల పారే గెడ్డ నీళ్ళు అద్దంలా ఉన్నా, పైన ఎగువ గూడెంలో ఒకరికి కామెర్లుంటే, వాళ్ళ మలం వానకు కొట్టుకొచ్చి కలిస్తే చాలు. దిగువ గూడెం బిందెలోకి, ఆనపకాయ బుర్రలోకి, చోడంబలి కుండలోకి అది వచ్చేస్తుంది.

ఇలా నీళ్ళ దారిన వచ్చే వైరస్‌లు ఒకటి రెండు కాదు. హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ కాలేయం మీద పడి పచ్చకామెర్లు తెస్తాయి. రోటా వైరస్, నోరో వైరస్ వాంతులు, విరేచనాలు తెస్తాయి. పసిబిడ్డ ఒంట్లో నీరంతా పోయి గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. మనం "విషజ్వరాలు", "అతిసారం" అని ఒక్క మాటలో చుట్టేసే వాటిలో ఇవి ఎన్ని ఉన్నాయో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్షే జరగడం లేదు.

వైరస్ సంగతి వేరుగా ఎందుకు చెప్పుకోవాలంటారా? ఢిల్లీ నేర్పిన పాఠం ఒకటుంది. 1955లో యమునకు వరదొచ్చి, నజఫ్‌గఢ్ మురుగు కాలవ వెనక్కి తన్ని, వజీరాబాద్ దగ్గర ఊరికి నీళ్ళు తోడే చోట కలిసింది. అధికారులు పటికా క్లోరినూ మోతాదు పెంచారు. దానికి బాక్టీరియా లొంగింది, టైఫాయిడ్ లాంటివి పెరగలేదు. అంతా బాగుందనుకున్నారు. కొన్ని వారాలకు, 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో, దాదాపు 29,000 మందికి పచ్చకామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఈ అని లోకానికి తెలియడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. దేశ రాజధానిలో, ఫిల్టర్లూ ఇంజనీర్లూ ఉన్నచోట జరిగిన పని ఇది. మన హైదరాబాదులో 2005 మార్చి నుంచి ఆగస్టు దాకా ఇదే వైరస్ పదహారు వందల మందికి పైగా సోకింది. మంచినీళ్ళ పైపులు మురుగు కాలవల్ని దాటుకుంటూ పోయే బస్తీల్లోనే రోగం ఎక్కువగా కనిపించింది. ఆ బస్తీల్లో ఎవరుంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన కొండకొద్దాం. జల్ జీవన్ మిషన్‌ను 2019 ఆగస్టు 15న ప్రకటించారు. 2024 కల్లా ఇంటింటికీ కుళాయి అన్నారు. తర్వాత గడువు 2028కి జరిపారు. కుళాయి రావడం మంచిదే, ఎవరు వద్దన్నారు? కానీ లెక్కంతా కుళాయిలదే. అందులోంచి వచ్చేదేమిటనే లెక్క ఏదీ? గ్రావిటీ పథకమని కొండమీద ఊట దగ్గర తొట్టె కట్టి గూడెం దాకా పైపు వేస్తారు. తొట్టెకు మూతా, చుట్టూ కంచే లేకపోతే, క్లోరిన్ కలిపే మనిషే లేకపోతే, ఆ పైపు కొండమీది మురికిని తిన్నగా ఇంటికే మోసుకొస్తుంది. మరుగుదొడ్డి గుంత ఊటకు ఎగువన తవ్వితే, పగుళ్ళున్న రాతి నేలలో ఆ నీరు ఇంకి ఇంకి ఊటలోనే తేలుతుంది. వంజంగి మేఘాలు చూడటానికి మైదానం నుంచి వేలమంది కొండెక్కుతున్నారు. వాళ్ళ అవసరాలకు తగినన్ని మరుగుదొడ్లు లేకపోతే అదంతా ఎక్కడికి పోతుంది? మన ఊటలు పుట్టేది ఆ కొండల్లోనే.

నీళ్ళు పరీక్ష చేస్తున్నాం కదా అని అధికారులు అంటారు. ఏం చేస్తున్నారు? గూడేనికొచ్చి చిన్న సీసాలో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. నల్లబడితే చెడ్డ నీళ్ళు, నల్లబడకపోతే మంచి నీళ్ళు. ఆ సీసా చూసేది బాక్టీరియానే. వైరస్ ఉన్నా అది నల్లబడదు. సీసా పరీక్ష మానెయ్యమని మేం అనడం లేదు, నల్లబడితే వెంటనే ఆ నీళ్ళు ఆపాల్సిందే. నల్లబడలేదు కాబట్టి భయం లేదని చేతులు దులుపుకోవడం మాత్రం ఒప్పుకోం.

ఇంకో మెలిక ఉంది. జాగ్రత్తగా చదవండి. హెపటైటిస్-ఏ ఒంట్లో చేరాక కామెర్లు బయటపడేసరికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. హెపటైటిస్-ఈకి రెండు నుంచి పది వారాలు. అంటే ఈరోజు పిల్లకు కళ్ళు పచ్చబడ్డాయంటే, చెడ్డ నీళ్ళు తాగింది పోయిన నెలలో. కామెర్లు కనబడకముందు వారం రెండు వారాలే ఆ పిల్ల మలంలో వైరస్ ఎక్కువగా పోతుంది. రోగమని ఎవరికీ తెలియక ముందే అది పక్కవాళ్ళకు అంటుతుంది. పిల్లలు పడిపోయాక అధికారులు ట్యాంకు కడిగి, బ్లీచింగు కొట్టి, అప్పుడు నమూనా తీస్తే ఏం దొరుకుతుంది? "నీళ్ళు బాగానే ఉన్నాయి, పిల్లలు ఇళ్ళ దగ్గర ఏదో తిని తెచ్చుకున్నారు" అనే మాట ఇలాగే పుడుతుంది. రోగమొచ్చాక తీసిన నమూనా నెల కిందటి నీళ్ళకు సాక్ష్యం చెప్పదు. ఈ ఒక్క మాట ప్రతి హాస్టలు తల్లిదండ్రుల కమిటీకీ తెలిసుండాలి.

అందరికంటే ఎక్కువ ముప్పు కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు. హెపటైటిస్-ఈ మామూలు మనిషికి వస్తే ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నెలలు నిండే గర్భిణికి వస్తే వందమందిలో ఇరవై, పాతికమంది దాకా చనిపోతారు. మన దగ్గర ఆ తల్లిని డోలీ కట్టి కొండ దింపాలి, గెడ్డ దాటించాలి, అంబులెన్సు ఆగే రోడ్డు దాకా మోయాలి. పాడేరు నుంచి విశాఖ ఇంకా వంద కిలోమీటర్ల పైమాటే. డోలీ మోతల ఫోటోలు పేపర్లో పడినప్పుడు రోడ్డు గురించి మాట్లాడతారు. రోడ్డు కావాలి, కచ్చితంగా కావాలి. ఆ తల్లి తాగిన నీళ్ళ గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి కదా.

మాట్లాడకపోగా తప్పు మన మీదే వేస్తారు. ఆదివాసులకు శుభ్రత తెలియదు, అలవాట్లు మంచివి కావు, ఆసుపత్రికి రాకుండా దిసారి దగ్గరికి పోతారు అంటారు. ఇదే మాట మాలపల్లెల్నీ మాదిగపల్లెల్నీ చూసి మైదానంలో ఎప్పటినుంచో అంటున్నారు. పట్నాల మురుగంతా చేత్తో ఎత్తిపోసి ఊరిని బతికించిన రెల్లి వాళ్ళను అంటరానివాళ్ళన్నారు. 2013లో చట్టం వచ్చినా సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చచ్చిపోతున్నది ఇంకా ఆ కులాల బిడ్డలే. మురికి చేసేవాడు శుభ్రమైనవాడు, ఎత్తిపోసేవాడు మురికివాడు! ఈ తలకిందుల లెక్కే ఇప్పుడు కొండల్లో ఆరోగ్య ప్రచారం పేరుతో తిరుగుతోంది.

వైరస్ పరీక్షలు కొండమీద కుదరవు, ఖర్చెక్కువ అని ఇంకో సాకు. హైదరాబాదులో 2016లో అంబర్‌పేట మురుగు నీళ్ళలో టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్ కనిపించింది. ఒక్క బిడ్డకూ కాలు పడిపోకముందే లక్షలమంది పిల్లలకు మళ్ళీ టీకాలేశారు. 2020లో కరోనా నాడు సిసిఎంబి, ఐఐసిటి శాస్త్రవేత్తలు హైదరాబాదు మురుగులో వైరస్‌ను కొలిచి ఎంతమందికి సోకిందో అంచనా కట్టారు. పోలియో చుక్కలు మోసుకుని మన ఆశా కార్యకర్తలు ఎక్కని కొండ లేదు. 2014లో ఈ దేశానికి పోలియో లేదనే గుర్తింపు వాళ్ళ కాళ్ళ చలవే. తలుచుకుంటే చెయ్యగలరని వాళ్ళే రుజువు చేశారు. పట్నం మురుగు కాలవలో వైరస్‌ను వెతికిన దేశం, మన పిల్లలు తాగే బిందెలో వెతకలేదా?

మనవైపు నుంచి మనం చెయ్యాల్సిందీ ఉంది. నీళ్ళు కుతకుత మరిగాక ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచితే ఈ వైరస్‌లు చస్తాయి. చల్లారాక మూతపెట్టి, చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి. క్లోరిన్ మాత్ర వేస్తే కనీసం అరగంట ఆగి తాగాలి. బురద నీళ్ళయితే ముందు తేర్చి వడగట్టాలి, లేకపోతే మందంతా బురదే తినేస్తుంది. మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక, బిడ్డను కడిగాక, అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు కడగాలి. విరేచనాలైతే ఓఆర్ఎస్ పట్టాలి. 2016 నుంచి మన రాష్ట్రంలో ఉచితంగా వేస్తున్న రోటా చుక్కలు బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు వేయించాలి. కామెర్లకు పసరు మింగి, కల్లు తాగి కాలేయాన్ని ఇంకా పాడుచేసుకోవద్దు. మగతగా ఉన్నా, మాట తడబడినా, రక్తం పడినా ఆ గంటే ఆసుపత్రికి. గర్భిణికి కళ్ళు పచ్చబడితే ఇక దేనికీ ఆగొద్దు.

అయితే "కాచి తాగండి" అని గోడ మీద రాసి వెళ్ళిపోతే సర్కారు పని అయిపోయినట్టు కాదు. పదిమంది ఇంట్లో నీళ్ళన్నీ కాచడానికి కట్టెలెవరు తేవాలి? అడవికి పోయి మోపు మోసేది ఆడకూతురే. గ్యాసు బండ ఖర్చు కూలి మనిషికి ఎంత బరువో రాసినవాళ్ళకు తెలుసా? నాలుగొందల మంది పిల్లల హాస్టల్లో రోజూ ఎవరు కాస్తారు? కాచి తాగడం ఆపదలో ఇంటి జాగ్రత్త. శుభ్రమైన నీళ్ళివ్వడం ప్రభుత్వ బాధ్యత. తాగునీరు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని మన రాష్ట్ర కేసులోనే, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో, 2000లో సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకని అడుగుతున్నాం.

ఒకటి. ఐఎస్ 10500 తాగునీటి ప్రమాణం ప్రకారం మామూలుగా లీటరు నీళ్ళలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వైరస్ నుంచి కాపాడాలంటే కనీసం 0.5 మిల్లీగ్రాములు ఉండాలని అదే ప్రమాణం చెబుతోంది. ప్రతి ఆశ్రమ పాఠశాలలో, ప్రతి గూడెం చివరి కుళాయి దగ్గర రోజూ కొలిచి, ఆ అంకె తెలుగులో బోర్డు మీద రాయాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే గూడేల్లో వాళ్ళ మాటల్లో చెప్పాలి.

రెండు. వానలకు ముందూ, వానల్లోనూ ఊటలకూ గెడ్డలకూ ట్యాంకులకూ వైరస్ పరీక్ష చేయాలి. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆ ప్రయోగశాల అక్కడే పెట్టాలి. నమూనా విశాఖ పోయి, ఫలితం ఫైల్లో పడుకోవడం ఇక చాలు.

మూడు. హాస్టల్లో ఒక్క పిల్లకు కామెర్లు వచ్చినా ఆ రోజే అందరికీ పరీక్ష చేయాలి, నీళ్ళ దారి మొత్తం వెతకాలి, కడగకముందు నమూనా తీయాలి, ఫలితం తల్లిదండ్రులకు కాగితం మీద ఇవ్వాలి. ప్రతి గురుకులంలో నర్సును పెట్టాలి.

నాలుగు. ఊటలకు మూత, కంచె, ఎగువన గుంతలు లేకుండా హద్దు పెట్టాలి. పర్యాటకులు తిరిగే కొండల మీద మరుగుదొడ్లు కట్టాకే టిక్కెట్లు కొట్టాలి. శుభ్రం చేసే కార్మికులకు యంత్రాలు, పర్మినెంటు జీతం ఇవ్వాలి.

వీటికోసం దండం పెట్టి నిలబడక్కర్లేదు. 1996 పెసా చట్టం ప్రకారం ఐదో షెడ్యూలు ప్రాంతంలో పంచాయతీ ఖర్చుపెట్టిన డబ్బుకు వినియోగ ధ్రువీకరణ గ్రామసభ దగ్గర తీసుకోవాలి. మంచినీళ్ళ పనికి ఆ సంతకం అడగడానికి వచ్చినప్పుడు పరీక్ష కాగితం ముందు పెట్టమనండి. కాగితం లేకపోతే సంతకం లేదు. ఇంకో ఆయుధమూ ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ చదవండి. ఎస్సీ, ఎస్టీలు వాడుకునే ఊటనుగానీ, రిజర్వాయరునుగానీ, ఇంకే నీటి వనరునుగానీ పాడుచేసి మామూలు వాడకానికి అంతగా పనికిరాకుండా చేయడం అత్యాచార నేరమని అందులో ఉంది. ఊట అనే మాట ఆ చట్టంలోనే ఉంది. కారంచేడులో సువార్తమ్మ బిందెతో చెప్పిన మాట నాలుగేళ్ళకు చట్టంలోకి ఎక్కింది. దాన్ని గూడెం గూడెంలో చదివి వినిపించాలి.

అన్నలారా, అక్కలారా, వచ్చే గ్రామసభ తేదీ కనుక్కోండి. మీ గూడెం ఊట నుంచి కుళాయి దాకా ఒకసారి పదిమంది కలిసి నడవండి. తొట్టెకు మూతుందా, ఎగువన ఏముంది, క్లోరిన్ ఎవరు కలుపుతున్నారు, చివరి పరీక్ష ఎప్పుడు చేశారు, ఈ నాలుగూ రాసుకోండి. హాస్టల్లో పిల్లలున్నవాళ్ళు ఈసారి చూడబోయినప్పుడు ట్యాంకెక్కి చూడండి. రాసుకున్నది సభలో చదివి తీర్మానం చేయించండి. నకలు మాకు పంపండి, పేరూ ఊరూ తేదీతో అచ్చువేస్తాం.